‘సర్వర్ డౌన్’ అంటే అసలు ఏం జరిగినట్టు? ఆఫీసు కంప్యూటర్లకు, డేటాబేస్‌కు లింకు తెగితే ఎక్కడ వెతకాలి?

కరీంనగర్/ఆదిలాబాద్: ఆదాయ సర్టిఫికెట్ కోసం మీసేవకు పోయినా, రేషన్ షాపులో వేలిముద్ర పెట్టినా, దవాఖానాలో రిపోర్టు అడిగినా మనకు తరచూ వినిపించే మాట ఒక్కటే. ‘సర్వర్ డౌన్ ఉంది, రేపు రండి.’ ఆ ఒక్క మాటతో ఒక రోజు కూలీ పోతుంది. ఇంద్రవెల్లి నుంచో, ఉట్నూరు నుంచో బస్సెక్కి వచ్చిన మనిషి ఉత్త చేతులతో తిరిగి వెళ్తాడు. షాదీ ముబారక్ కింద వచ్చే 1,00,116 రూపాయల కోసం కాగితాలు జమ చేసుకుంటున్న ఇంట్లో ఒక్క సర్టిఫికెట్ ఆగితే మిగతా పనులన్నీ ఆగుతాయి.

అయితే ‘సర్వర్ డౌన్’ అన్నప్పుడల్లా నిజంగా సర్వరే ఆగిపోయి ఉండదు. చాలాసార్లు సర్వర్ బాగానే నడుస్తుంటుంది, దాని దాకా వెళ్లే దారి తెగి ఉంటుంది. మన పిల్లలు ఎంతోమంది కంప్యూటర్ సెంటర్లలో, ఆసుపత్రి కౌంటర్లలో, స్కూలు ఆఫీసుల్లో, జిన్నింగ్ మిల్లుల కాంటాల దగ్గర పని చేస్తున్నారు. సొంతంగా షాపు నడిపే వాళ్లూ ఉన్నారు. టెక్నీషియన్ వచ్చేలోగా తప్పు ఎక్కడుందో వాళ్లే పట్టుకోగలిగితే పని ఆగదు, అనవసర ఖర్చూ తప్పుతుంది.

దూరపు సర్వర్, దగ్గరి సర్వర్

ముందు ఈ రెండింటినీ వేరు చేయాలి. మీసేవ, రేషన్, రిజిస్ట్రేషన్ లాంటి ప్రభుత్వ సేవల్లో డేటా మన ఊళ్లో ఉండదు. మన కంప్యూటర్ ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో హైదరాబాద్‌లో ఉన్న సర్వర్‌ను అడుగుతుంది. అక్కడ ఆగితే ఇక్కడ మనం చేయగలిగింది తక్కువ.

రెండోది ఆఫీసులోనే ఉండే సర్వర్. నాలుగైదు కంప్యూటర్లున్న డయాగ్నస్టిక్ సెంటర్, స్కూలు ఫీజు కౌంటర్, హోల్‌సేల్ కిరాణా, రైస్ మిల్లు లాంటి చోట్ల ఒక కంప్యూటర్‌లో డేటాబేస్ ఉంటుంది. మిగతా కంప్యూటర్లు దానికి కలిసి బిల్లులు, రిపోర్టులు, హిసాబ్ రాస్తాయి. ఇక్కడ లింకు తెగితే కారణం నూటికి తొంభై పాళ్లు ఆ నాలుగు గోడల మధ్యే దొరుకుతుంది. ఇంటర్నెట్ పూర్తిగా పోయినా ఈ పని ఆగాల్సిన అవసరం లేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. బిల్లింగ్ ఆగగానే ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ కొడతారు. వాళ్లు వచ్చి లైన్ చూసి, మాది బాగానే ఉందని పోతారు. ఈలోపు సగం రోజు గడిచిపోతుంది.

గొలుసులో ఐదు కడియాలు

లోపలి లింకును గొలుసులా ఊహించుకోండి. మొదటి కడియం మనం కూర్చున్న కంప్యూటర్. రెండోది దాని నుంచి వెళ్లే కేబుల్ లేదా వైఫై. మూడోది కేబుళ్లన్నీ కలిసే స్విచ్ డబ్బా. నాలుగోది సర్వర్ కంప్యూటర్. ఐదోది ఆ సర్వర్ లోపల నడిచే డేటాబేస్ ప్రోగ్రాం, అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్, మైఎస్‌క్యూఎల్ లాంటివి. ఐదింట్లో ఏది తెగినా మన తెరపై దాదాపు ఒకే మెసేజ్ కనిపిస్తుంది: ‘కనెక్షన్ లాస్ట్’. అందుకే మెసేజ్ చూసి కారణం చెప్పలేం. ఒక్కో కడియాన్ని వరుసగా తట్టి చూడాల్సిందే.

ముందు మూడు ప్రశ్నలు

ఏ వైరూ పీకకముందు, ఏదీ రీస్టార్ట్ చేయకముందు ఈ మూడు అడగండి.

ఒకటి: ఒక్క కంప్యూటర్‌కే పోయిందా, అందరికీ పోయిందా? ఒక్కదానికే అయితే తప్పు ఆ కంప్యూటర్‌లోనో, దాని కేబుల్‌లోనో ఉంటుంది. అందరికీ పోతే స్విచ్, సర్వర్, డేటాబేస్ వైపు చూడాలి. ఒక గదిలోని కంప్యూటర్లకే పోయి పక్క గదిలో నడుస్తుంటే, ఆ గదిలోని చిన్న స్విచ్‌ను అనుమానించాలి.

రెండు: సర్వర్ కంప్యూటర్ దగ్గరే కూర్చుని సాఫ్ట్‌వేర్ తెరిస్తే తెరుచుకుంటుందా? తెరుచుకుంటే డేటాబేస్ బాగానే ఉంది, తప్పు దారిలో ఉంది. అక్కడ కూడా తెరుచుకోకపోతే కేబుళ్ల జోలికి పోనక్కర్లేదు.

మూడు: నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? కరెంటు పోయి వచ్చిందా? కొత్త రౌటర్ పెట్టారా? విండోస్ అప్‌డేట్ అయ్యిందా? యాంటీవైరస్ వేశారా? ఊడ్చేటప్పుడు టేబుల్ జరిపారా? సగం కేసులు ఈ ప్రశ్న దగ్గరే తేలిపోతాయి.

కరెంటు, కేబుల్, స్విచ్

మన దగ్గర మొదటి అనుమానం కరెంటు మీదే. కంప్యూటర్లన్నిటికీ యూపీఎస్ పెట్టి, గోడ మీది స్విచ్ డబ్బాను మాత్రం మామూలు ప్లగ్గుకు పెట్టే ఆఫీసులు కోకొల్లలు. కరెంటు పోగానే కంప్యూటర్లు నడుస్తూనే ఉంటాయి, మధ్యలో స్విచ్ ఆగి లింకులన్నీ తెగుతాయి. స్విచ్‌కు, రౌటర్‌కు పట్టే కరెంటు చాలా తక్కువ. వాటినీ యూపీఎస్‌కు కలిపితే ఈ కిరికిరి అక్కడితో పోతుంది.

కరెంటు మాటకొస్తే పెద్ద వ్యవస్థలకూ ఇదే తిప్పలు. 2021 జూలై 9 రాత్రి నుంచి 11 రాత్రి వరకు తెలంగాణ ప్రభుత్వ వెబ్‌సైట్లు ఆగాయి. గచ్చిబౌలిలోని స్టేట్ డేటా సెంటర్‌లో కొత్త యూపీఎస్ అమర్చడమే కారణం. ముందే చెప్పి, శని ఆదివారాలు కలిసొచ్చేలా ఆపారు. చిన్న ఆఫీసు కూడా నేర్చుకోదగ్గ పద్ధతే ఇది. సర్వర్‌ను ముట్టుకునే పని రద్దీ లేని వేళ, అందరికీ చెప్పి పెట్టుకోవాలి.

తర్వాత కేబుల్. కంప్యూటర్ వెనక కేబుల్ దూర్చే చోట, స్విచ్ మీద చిన్న లైట్లు ఉంటాయి. లైటు వెలగకపోతే లింకే లేదని అర్థం. కేబుల్ తీసి ‘టిక్’ మనే దాకా మళ్లీ దూర్చండి. కొన మీది ప్లాస్టిక్ క్లిప్పు విరిగితే కేబుల్ కదిలినప్పుడల్లా లింకు పోతూ వస్తూ ఉంటుంది. అలాంటి కేబుల్‌కు టేపు చుట్టి నడపొద్దు, కొన మార్పించండి. గోదాములు, మిల్లుల్లో ఎలుకలు కొరకడం మామూలే. ఆఫీసుల్లో వాడే రాగి నెట్‌వర్క్ కేబుల్ ఒక్క ముక్క 100 మీటర్లు దాటకూడదు. కాంటా దగ్గర్నుంచి ఆఫీసు దాకా అంతకు మించి లాగితే సతాయించక మానదు.

స్విచ్ దగ్గర ఇంకో విచిత్రం జరుగుతుంది. ఖాళీగా వేలాడుతున్న కేబుల్ కొన చూసి ఎవరో మంచి మనసుతో స్విచ్‌లో దూరుస్తారు. రెండో కొన కూడా అదే స్విచ్‌లో ఉంటే డేటా గుండ్రంగా తిరుగుతూ మొత్తం నెట్‌వర్క్‌ను ముంచేస్తుంది. స్విచ్ లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చిగా మినుకుమంటాయి, అందరి లింకూ పోతుంది. ఆ కేబుల్ పీకగానే అంతా సర్దుకుంటుంది.

‘పింగ్’ అంటే తలుపు తట్టడం

లైట్లు వెలుగుతున్నా లింకు లేకపోతే తర్వాతి మెట్టు పింగ్. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పింగ్’ అన్న ఇంగ్లిష్ మాట కొట్టి, ఒక ఖాళీ వదిలి, సర్వర్ ఐపీ అడ్రస్ రాయాలి. ఉదాహరణకు 192.168.1.10. కేబుల్ లింకు బాగుంటే ఒక మిల్లీసెకను లోపే జవాబు వస్తుంది. నాలుగు జవాబుల్లో ఒకటి రెండు రాకపోతే కేబుల్‌నో, వైఫైనో అనుమానించాలి. అస్సలు రాకపోతే రౌటర్ అడ్రస్‌కు పింగ్ కొట్టండి. రౌటర్ పలికి సర్వర్ పలకకపోతే తప్పు సర్వర్ వైపు ఉండవచ్చు. రెండూ పలకకపోతే మన కంప్యూటరే నెట్‌వర్క్‌లో లేదు.

ఒక్క జాగ్రత్త. కొన్ని కంప్యూటర్లలో ఫైర్‌వాల్ పింగ్‌కు జవాబివ్వనివ్వదు. అందుకే బాగా నడుస్తున్న పక్క కంప్యూటర్ నుంచి కూడా కొట్టి పోల్చి చూడండి. అక్కడ్నుంచీ జవాబు రాకుండా సాఫ్ట్‌వేర్ మాత్రం నడుస్తుంటే, పింగ్‌ను నమ్ముకుని లాభం లేదు.

రాత్రికి రాత్రి మారే అడ్రస్

చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా పరేషాన్ చేసేది ఇదే. నెట్‌వర్క్‌లోని ప్రతి కంప్యూటర్‌కూ ఐపీ అడ్రస్ అనే నంబరు ఉంటుంది. మామూలుగా ఆ నంబర్లను రౌటరే పంచుతుంది. కరెంటు పోయి వచ్చాక, లేదా కొత్త రౌటర్ పెట్టాక సర్వర్‌కు వేరే నంబరు ఇవ్వవచ్చు. మిగతా కంప్యూటర్లలోని సాఫ్ట్‌వేర్ మాత్రం పాత నంబరునే వెతుకుతుంది. ఇల్లు మారిన చుట్టాన్ని పాత గల్లీలో వెతికినట్టు.

సర్వర్ కంప్యూటర్‌లో ‘ఐపీకాన్ఫిగ్’ కమాండ్ కొడితే ఇప్పటి నంబరు కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్‌లో ఉన్న నంబరుతో పోల్చండి. తేడా ఉంటే దొంగ దొరికినట్టే. శాశ్వత మందు ఏమిటంటే, ఈ కంప్యూటర్‌కు ఎప్పుడూ ఇదే నంబరు ఇవ్వాలని రౌటర్‌లోనే రిజర్వ్ చేయించడం. అలా కాకుండా సర్వర్‌లో మనమే ఒక నంబరు రాసి పెడితే, రౌటర్ పంచే వరుసలో అది ఉండకూడదు. ఉంటే రౌటర్ అదే నంబరును ఇంకో కంప్యూటర్‌కో, ఎవరి ఫోన్‌కో ఇస్తుంది. అప్పుడు ఇద్దరూ గొడవ పడి లింకు ఆగుతూ సాగుతూ ఉంటుంది.

మీ కంప్యూటర్ నంబరు 169.254తో మొదలైతే అర్థం వేరు. రౌటర్ దానికి నంబరే ఇవ్వలేదు, అదే ఒకటి కల్పించుకుంది. కేబుల్, స్విచ్, రౌటర్ వైపు చూడండి.

పింగ్ పలుకుతుంది, సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు

అంటే దారి బాగుంది, ఇల్లు కనిపిస్తోంది, తలుపు మూసి ఉంది. ఇక్కడ మూడు చూడాలి.

మొదటిది డేటాబేస్ సర్వీస్. విండోస్‌లో ‘సర్వీసెస్’ తెరిచి, మీ డేటాబేస్ పేరు పక్కన ‘రన్నింగ్’ అని ఉందో లేదో చూడండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక అది తనంతట తాను మొదలయ్యేలా ‘ఆటోమేటిక్’లో ఉండాలి.

రెండోది ఫైర్‌వాల్, పోర్టు. ఒక ఇంటికి ఎన్నో తలుపులున్నట్టు కంప్యూటర్‌కు పోర్టులుంటాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలుగా 1433, మైఎస్‌క్యూఎల్ 3306, పోస్ట్‌గ్రెస్ 5432, ఒరాకిల్ 1521 పోర్టులో వింటాయి. అప్‌డేట్ తర్వాతో, రౌటర్ మార్చాకో విండోస్ మన ఆఫీసు నెట్‌వర్క్‌ను ‘పబ్లిక్’ అనుకుంటే ఆ తలుపు మూసేస్తుంది. దాన్ని ‘ప్రైవేట్’కు మార్చి, అవసరమైన ఒక్క పోర్టుకే అనుమతి ఇవ్వాలి. కొత్తగా వేసిన ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లో అయితే బయటి కంప్యూటర్లతో మాట్లాడే టీసీపీ/ఐపీ సెట్టింగే మొదట ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, సర్వీస్‌ను రీస్టార్ట్ చేయాలి.

మూడోది చోటు. డిస్క్ నిండితే డేటాబేస్ రాయలేక మొరాయిస్తుంది. ఉచితంగా దొరికే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లో 2022 వెర్షన్ దాకా ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ హద్దు ఉంది. ఏళ్ల తరబడి బిల్లులు పేరుకున్న ఆఫీసుల్లో ఒక రోజు పాత బిల్లులు తెరుచుకుంటాయి కానీ కొత్త బిల్లు సేవ్ కాదు. అది నెట్‌వర్క్ జబ్బు కాదని గుర్తించడమే సగం వైద్యం.

కాసేపు నడుస్తుంది, మళ్లీ పోతుంది

ఇది అన్నిటికంటే విసిగించే రకం. పోయిన ప్రతిసారీ టైం రాసిపెట్టుకుంటే కారణం తానే బయటపడుతుంది.

నమాజుకో, భోజనానికో వెళ్లి వచ్చేసరికి పోతుంటే సర్వర్ కంప్యూటర్ నిద్రలోకి జారుతోంది. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను ‘నెవర్’ చేయండి. అలాగే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు ప్రాపర్టీస్ తెరిస్తే, కరెంటు ఆదా కోసం ఈ కార్డును ఆపవచ్చు అనే అర్థంలో ఒక టిక్కు ఉంటుంది. అది తీసేయండి. డేటాబేస్‌లు కూడా చాలాసేపు ఖాళీగా ఉన్న లింకును తెంచుతాయి. మైఎస్‌క్యూఎల్‌లో ఈ గడువు మామూలుగా 28,800 సెకన్లు, అంటే 8 గంటలు. రాత్రి సాఫ్ట్‌వేర్ మూయకుండా ఇంటికెళ్తే పొద్దున మొదటి క్లిక్కుకే ఎర్రర్ వచ్చేది ఇందుకే. మూసి తెరిస్తే చాలు.

రద్దీ వేళల్లోనే పోతుంటే, ఎందరు కలవొచ్చనే హద్దు దాటుతుండవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో అది మామూలుగా 151. ఐదు కంప్యూటర్లున్న ఆఫీసులో ఆ హద్దు తగిలిందంటే, సాఫ్ట్‌వేర్ పాత లింకులను మూయకుండా కొత్తవి తెరుస్తోందన్న మాట. ఆ సంగతి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వాళ్లకు చెప్పాలి.

వైఫై మీద నడిచే కౌంటర్ ఒక్కటే సతాయిస్తుంటే దానికి కేబుల్ వేయండి. ఫోన్‌లో వీడియో రెండు సెకన్లు ఆగినా మళ్లీ నడుస్తుంది. డేటాబేస్ లింకు అలా కాదు, కాస్త తెగినా చాలా సాఫ్ట్‌వేర్లు మళ్లీ మొదటి నుంచి లాగిన్ కమ్మంటాయి.

సేవ్ నొక్కిన క్షణంలో లింకు పోతే?

అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది. సేవ్ నొక్కాం, తెర ఆగిపోయింది. బిల్లు ఎక్కిందా, లేదా? మంచి డేటాబేస్ ఒక ఎంట్రీని పూర్తిగా రాస్తుంది, లేదా అస్సలు రాయదు. సగం రాసి వదలదు. కానీ రాశాక ‘అయ్యింది’ అని చెప్పే జవాబు దారిలో పోవచ్చు. అప్పుడు సర్వర్‌లో బిల్లు ఉంటుంది, మనకు తెలియదు. మళ్లీ సేవ్ చేస్తే ఒకే ఫీజు రెండుసార్లు ఎక్కుతుంది. కాబట్టి లింకు వచ్చాక ముందు వెతకండి, లేదని తేలాకే మళ్లీ ఎక్కించండి.

పాత అకౌంటింగ్ ప్రోగ్రాములు కొన్ని షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైళ్లను నేరుగా తెరిచి రాస్తాయి. వాటిలో మధ్యలో లింకు తెగితే ఫైలే చెడిపోవచ్చు. అలాంటివి వాడేవాళ్లు వైఫై మీద నడపకపోవడం, రోజూ బ్యాకప్ తీయడం తప్పనిసరి.

డబ్బు చెల్లింపుల్లోనూ ఇదే సూత్రం. యూపీఐలో డబ్బు కట్ అయ్యి దుకాణదారుడికి కన్ఫర్మేషన్ రాకపోతే వెంటనే రెండోసారి కొట్టొద్దు, ముందు స్టేటస్ చూడండి. 2019 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం అలాంటి డబ్బు లావాదేవీ తర్వాత 5 రోజుల్లోగా తనంతట తాను వెనక్కి రావాలి. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ట్రాన్సాక్షన్ నంబరు రాసిపెట్టుకోండి.

తొందరలో చేయకూడనివి

ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చేసి ‘ఇప్పుడు నడుస్తోంది కదా’ అని వదిలేయొద్దు. ఇంటి నుంచి కూడా చూసుకోవాలని డేటాబేస్ పోర్టునో, రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టునో నేరుగా ఇంటర్నెట్‌కు తెరవొద్దు. ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ముఠాలకు ఇలాంటి తలుపులే కావాలి. 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద ఇలాంటి దాడే జరిగింది. కరీంనగర్, ఆదిలాబాద్‌లకు కరెంటు ఇచ్చే ఉత్తర డిస్కం కూడా అందులో ఉంది. అంత పెద్ద సంస్థలకే తప్పనప్పుడు చిన్న ఆఫీసు సంగతి చెప్పనక్కర్లేదు. మీ ఫైళ్ల పేర్లు వింతగా మారి తెరుచుకోకపోతే అది లింకు సమస్య కాదు. వెంటనే నెట్‌వర్క్ కేబుల్ పీకేసి తెలిసినవాళ్లను పిలవండి.

సర్వర్‌ను పవర్ బటన్ నొక్కి పట్టి ఆపడం ఆఖరి మార్గం మాత్రమే. డేటాబేస్ రాస్తున్నప్పుడు అలా ఆపితే చిన్న జబ్బు పెద్దదవుతుంది.

దూరపు సర్వర్ ఆగితే మనం ఏం చేయాలి?

ఆపరేటర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: ‘వేరే వెబ్‌సైట్లు తెరుచుకుంటున్నాయా?’ తెరుచుకోకపోతే ఆ సెంటర్ ఇంటర్నెటే పోయింది, పక్క సెంటర్‌లో పని కావచ్చు. తెరుచుకుంటూ మీసేవ ఒక్కటే రాకపోతే అంతటా అదే పరిస్థితి ఉండవచ్చు, ఊరంతా తిరిగి లాభం లేదు. ఫీజు కట్టి ఉంటే అప్లికేషన్ నంబరో, ట్రాన్సాక్షన్ నంబరో తీసుకోకుండా లేవొద్దు.

చివరి తేదీ ఉన్న పనుల్లో ఇంకా జాగ్రత్త కావాలి. వక్ఫ్ ఆస్తుల వివరాల కోసం కేంద్రం 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచింది. ఆరు నెలల గడువు డిసెంబర్‌లో ముగిసే నాటికి పోర్టల్ నెమ్మదించిందని, అప్‌లోడ్ కావడం లేదని ముతవల్లీలు గగ్గోలు పెట్టారు. అందరూ ఒకేసారి తలుపు తడితే ఏ సర్వరైనా తడబడుతుంది. గడువు చివరి వారం కోసం ఎదురుచూడకుండా, వీలైతే పొద్దున్నే లేదా రాత్రి పొద్దుపోయాక ప్రయత్నించండి. ఎర్రర్ వస్తే తేదీ, టైం కనిపించేలా స్క్రీన్ ఫొటో తీసి దాచండి. గడువు దాటాక మనం ప్రయత్నించామని చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

ఒక నోట్‌బుక్, ఒక బ్యాకప్

సర్వర్ పక్కన ఒక చిన్న నోట్‌బుక్ పెట్టండి. సర్వర్ ఐపీ నంబరు, పోర్టు, రౌటర్ నంబరు, సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్ల ఫోన్ నంబరు మొదటి పేజీలో రాయండి. పాస్‌వర్డ్ మాత్రం అందులో రాయొద్దు, యజమాని దగ్గర వేరుగా ఉండాలి. లింకు పోయిన ప్రతిసారీ తేదీ, టైం, ఎవరికి పోయింది, ఏం చేస్తే వచ్చింది అని ఒక్క లైను చాలు. కేబుళ్లకు రెండు కొనలా పేరు రాసిన చీటీ అంటించండి. నెల తర్వాత ఆ లైన్లు చదివితే టెక్నీషియన్ గంటలో చెప్పేది మీకే అర్థమవుతుంది.

రోజూ గల్లా లెక్క చూసుకున్నాక డేటాబేస్ బ్యాకప్ తీసి, వేరే డ్రైవ్‌లో వేసి, ఆ డ్రైవ్‌ను కంప్యూటర్ నుంచి తీసి పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంటే రాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు. నెలకోసారి ఆ బ్యాకప్ నిజంగా తెరుచుకుంటుందో లేదో ఇంకో కంప్యూటర్‌లో వేసి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్ముకోలేం.

రేపు కౌంటర్‌లో ‘కనెక్షన్ లాస్ట్’ అని వస్తే ఎవరికైనా ఫోన్ చేసే ముందు పక్క కంప్యూటర్‌లో నడుస్తోందా, స్విచ్ లైట్లు వెలుగుతున్నాయా, సర్వర్ నంబరు మారిందా అన్న మూడూ చూడండి. కౌంటర్ ముందు వరుసలో నిలబడ్డ వాళ్లలో ఎవరో ఒకరు చీకటితో లేచి బస్సెక్కి వచ్చి ఉంటారు.